కాంతి వంపును కొలిచిన కుర్రాడు

కళ్లజోడు షాపులో మీ చేతికిచ్చే చీటీ ఒకసారి చూడండి. మైనస్ 2 అనో, ప్లస్ 1.5 అనో రాసి ఉంటుంది. పక్కన సిలిండర్, యాక్సిస్ అని ఇంకో రెండు గడులు. ఆ అంకెలన్నీ కలిపి చెప్పేది ఒకటే: మీ కంట్లోకి వెళ్లే కాంతిని ఆ గాజు ఎటు వంచాలి, ఎంత వంచాలి. ఎటు అన్నది మనుషులకు వందల ఏళ్లుగా తెలుసు. ఎంత అన్నదాన్ని ఏ రంగుకు ఆ రంగు విడదీసి, తిరుగులేకుండా కొలిచి చూపినవాడు మాత్రం అద్దాల దుకాణంలో పనికి కుదిరిన ఓ అనాథ కుర్రాడు.

అతని పేరు జోసెఫ్ ఫ్రాన్‌హోఫర్. సైన్స్ చదివినవాళ్లకు ఫ్రాన్‌హోఫర్ వివర్తనం, ఫ్రాన్‌హోఫర్ రేఖలు అనే మాటలు ఎక్కడో తగిలే ఉంటాయి. పరీక్షలో రాసేశాం, మర్చిపోయాం. కానీ ఆ పేరు వెనక ఉన్న మనిషి యూనివర్సిటీ మెట్లెక్కి చదువుకున్నవాడు కాదు. బతికింది 39 ఏళ్లే. చేతిలో డిగ్రీ ఉన్నా ఏ పనిలో పట్టు సాధించాలో తేలక సతమతమవుతున్న మీకు, డిగ్రీ లేకుండానే ఒక పనిని చివరంటా చూసిన ఈ మనిషి కథ తెలియాలి.

కూలిన ఇల్లు

జర్మనీలోని బవేరియా ప్రాంతంలో స్ట్రౌబింగ్ అనే చిన్న పట్టణం. 1787 మార్చి 6న జోసెఫ్ అక్కడ పుట్టాడు. తండ్రి కిటికీలకు అద్దాలు బిగించే మేస్త్రి. ఇంట్లో ఇతను పదకొండో సంతానం. చిన్నప్పటి నుంచే గాజు పని అలవాటైంది గానీ బడి చదువు సరిగ్గా సాగలేదు. 1797లో తల్లి, ఆ మరుసటి ఏడాది తండ్రి పోయారు. పదకొండేళ్లకే దిక్కులేనివాడయ్యాడు.

సంరక్షకులు మొదట లేత్ పట్టే పనిలో పెట్టి చూశారు. ఒంట్లో అంత బలం లేదు. దాంతో 1799లో మ్యూనిక్ నగరానికి పంపి, వైక్సెల్‌బెర్గర్ అనే అద్దాల తయారీదారు దగ్గర చేర్చారు. ఆరేళ్ల ఒప్పందం. జీతం లేదు. స్టైపెండ్ లేని ఇంటర్న్‌షిప్ అంటే మీరు ఆరు నెలలకే విసిగిపోతారు కదా, ఇది ఆరేళ్లు! పైగా యజమానికి కుర్రాడి చదువంటే గిట్టదు. రాత్రిపూట దీపం పెట్టుకుని పుస్తకం తీయడానికి ఒప్పుకునేవాడు కాదు. సెలవు రోజుల్లో పనివాళ్ల పిల్లల కోసం నడిపే బడికి పంపడానికీ ఇష్టపడలేదు.

1801 జులై 21న ఆ పాత ఇల్లు కుప్పకూలింది. యజమాని భార్య చనిపోయింది. పద్నాలుగేళ్ల జోసెఫ్ శిథిలాల కింద చిక్కుకుపోయాడు. గంటల తరబడి తవ్వి ప్రాణాలతో బయటికి తీశారు. బవేరియా పాలకుడు మాక్సిమిలియన్ స్వయంగా అక్కడికి వచ్చి చూశాడు. బతికి బయటపడ్డ కుర్రాడికి 18 బంగారు నాణేలు బహుమతిగా ఇచ్చాడు. ఆ సంఘటనతో పరిచయమైన ఇంకో వ్యక్తి యోసెఫ్ ఉట్‌జ్‌ష్నైడర్. ప్రభుత్వంలో పనిచేసిన అధికారి, వ్యాపారి కూడా. అతను కుర్రాడికి గణితం, ఆప్టిక్స్ పుస్తకాలు ఇచ్చాడు.

అదృష్టం తలుపు తట్టిందని ఇక్కడ ఆగిపోతే కథలో సారం పోతుంది. ఆ 18 నాణేలతో ఏం చేశాడన్నదే ముఖ్యం. కొంత పెట్టి గాజు కోసే యంత్రం కొనుక్కున్నాడు. ఇంకొంత యజమానికి చెల్లించి, మిగిలిన ఒప్పంద కాలం నుంచి విముక్తి పొందాడు. తర్వాత సొంతంగా విజిటింగ్ కార్డులు చెక్కే వ్యాపారం పెట్టాడు. అవి యుద్ధాల రోజులు, కార్డులు కొనేదెవరు? వ్యాపారం మునిగింది. చేసేది లేక మళ్లీ పాత యజమాని దగ్గరికే, ఈసారి కూలికి, పనికి వెళ్లాడు. మొదటి స్టార్టప్ ఫెయిలైంది, పాత ఉద్యోగమే దిక్కయింది. కానీ పుస్తకాలు వదల్లేదు.

1806లో, పందొమ్మిదేళ్ల వయసులో, మ్యూనిక్‌లోని ఒక పరికరాల తయారీ సంస్థలో ఉద్యోగం దొరికింది. రైకెన్‌బాఖ్, లీబ్‌హెర్‌లతో కలిసి ఉట్‌జ్‌ష్నైడర్ నడిపే సంస్థ అది. భూములు కొలిచే థియోడలైట్లు, టెలిస్కోపులు తయారు చేసేది. నెపోలియన్ యుద్ధాల కాలం కదా, సైన్యాలకు మ్యాపులు కావాలి, ప్రభుత్వాలకు భూసర్వేలు కావాలి. ఆ పరికరాలన్నింటికీ ప్రాణం మంచి లెన్సు. అదే దొరకడం లేదు.

లెన్సు చేసే పనేమిటి?

ఎందుకు దొరకడం లేదో అర్థం కావాలంటే లెన్సు ఏం చేస్తుందో ఒకసారి గుర్తు చేసుకోవాలి.

తారు రోడ్డు మీద పోతున్న ఎడ్లబండి ఏటవాలుగా ఇసుకలోకి దిగిందనుకోండి. ముందు దిగిన చక్రం నెమ్మదిస్తుంది, రెండోది ఇంకా తారు మీదే వేగంగా ఉంటుంది. బండి దిశ మారిపోతుంది. కాంతి గాలి నుంచి గాజులోకి వెళ్లినప్పుడూ ఇంతే. గాజులో కాంతి వేగం తగ్గుతుంది, అందుకే ఏటవాలుగా పడిన కిరణం వంగుతుంది. ఎన్ని రెట్లు తగ్గుతుందో చెప్పే అంకెనే వక్రీభవన గుణకం అంటారు. మామూలు క్రౌన్ గాజుకు అది దాదాపు 1.52. సీసం కలిసిన బరువైన ఫ్లింట్ గాజుకు దాదాపు 1.62.

మధ్యలో దళసరిగా, అంచుల్లో పల్చగా ఉండేది కుంభాకార కటకం. దాని అంచు మీద పడిన కిరణం బాగా వంగుతుంది, మధ్యకు వచ్చేకొద్దీ తక్కువ వంగుతుంది, నట్టనడుమ వంగకుండానే పోతుంది. ఫలితంగా సమాంతరంగా వచ్చిన కిరణాలన్నీ అవతల ఒకచోట కలుస్తాయి. చిన్నప్పుడు భూతద్దంతో కాగితం కాల్చిన చోటు అదే, నాభి అంటారు. ప్లస్ 2 పవర్ అంటే ఆ నాభి లెన్సుకు అర మీటరు దూరంలో ఉందని. ప్లస్ 4 అయితే పావు మీటరు. దగ్గరి అక్షరాలు కనిపించని పెద్దవాళ్లకు ఇచ్చేది ఈ రకమే.

మధ్యలో పల్చగా, అంచుల్లో దళసరిగా ఉండేది పుటాకార కటకం. ఇది కిరణాల్ని విడదీస్తుంది. బోర్డు మీది అక్షరాలు మసకగా కనిపించే విద్యార్థి కంట్లో కాంతి రెటీనాకు ముందే కలిసిపోతుంటుంది. మైనస్ లెన్సు దాన్ని కాస్త విప్పి, కలిసే చోటును వెనక్కి నెడుతుంది. ఇక సిలిండర్ లెన్సు ఒక దిశలోనే వంచుతుంది. దానికి అడ్డంగా ఉండే దిశలో వంచదు. కంటి ముందుభాగం అన్ని వైపులా ఒకేలా గుండ్రంగా లేనివాళ్లకు అది అవసరం. యాక్సిస్ గడిలో ఉన్న డిగ్రీలు ఆ సిలిండర్‌ను ఏ కోణంలో నిలపాలో చెబుతాయి.

ఒక్క విషయం గమనించండి. కళ్లజోడు లెన్సులు దాదాపు అన్నీ బయటివైపు ఉబ్బెత్తుగా, కంటి వైపు గుంటగా చంద్రవంకలా ఉంటాయి. పైకి చూసి ప్లస్సో మైనస్సో చెప్పలేం. మధ్య మందమా, అంచు మందమా అన్నదే తేలుస్తుంది.

రంగుల పేచీ

ఇంతవరకు చెప్పిన దాంట్లో ఒక చిక్కు దాచాను. వక్రీభవన గుణకం అన్ని రంగులకూ ఒకటే కాదు. నీలం ఎక్కువ వంగుతుంది, ఎరుపు తక్కువ. పట్టకం గుండా పోయిన ఎండ ఏడు రంగులుగా విడిపోయేది అందుకే. ఒక కుంభాకార కటకంతో నక్షత్రాన్ని చూస్తే నీలం ముందు కలుస్తుంది, ఎరుపు వెనక కలుస్తుంది. నక్షత్రం చుక్కలా కాకుండా రంగుల అంచుతో కనిపిస్తుంది. టెలిస్కోపు పెద్దదయ్యేకొద్దీ ఈ బాధ పెరుగుతుంది.

దీనికి మందు లేదని న్యూటన్ అంతటివాడే తేల్చేశాడు. కానీ 18వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో ఓ ఉపాయం దొరికింది. క్రౌన్ గాజుతో ఒక ప్లస్ లెన్సు, ఫ్లింట్ గాజుతో ఒక మైనస్ లెన్సు చేసి రెండూ జత కలపడం. 1758లో జాన్ డాలండ్ దానికి పేటెంట్ తీసుకున్నాడు.

ఎలా పనిచేస్తుందో లెక్కలో చూద్దాం. క్రౌన్ లెన్సులో నీలానికీ ఎరుపుకూ మధ్య వచ్చే తేడా దాని పవర్‌లో సుమారు 60వ వంతు. ఫ్లింట్‌లో సుమారు 36వ వంతు. ఇప్పుడు ప్లస్ 5 క్రౌన్ తీసుకోండి, రంగుల తేడా 5ను 60తో భాగిస్తే పన్నెండో వంతు. మైనస్ 3 ఫ్లింట్ తీసుకోండి, 3ను 36తో భాగిస్తే అదీ పన్నెండో వంతే, కానీ వ్యతిరేక దిశలో. రెండూ కలిపితే రంగుల తేడా సున్నా. పవర్ మాత్రం 5లోంచి 3 పోగా ప్లస్ 2 మిగులుతుంది. అంటే కాంతి వంగుతుంది, రంగులు మాత్రం విడిపోవు. మీ ఫోన్ కెమెరా లోపలి లెన్సుల వరుసలోనూ ఈ సూత్రం దాగి ఉంది.

లెక్క ఇంత సులువుగా ఉంది కదా, మరి కష్టమెక్కడ? రెండు చోట్ల. మొదటిది, గాజు. కొలిమిలో కరిగిన ఫ్లింట్‌లో బరువైన సీసం కిందికి దిగుతుంది. చల్లారాక గాజు నిండా చారలు. పంచదార పాకం నీళ్లలో కలిసేటప్పుడు కనిపించే తీగల్లాంటివి. చార ఉన్నచోట కాంతి అడ్డదిడ్డంగా వంగుతుంది. అరచేతి కన్నా పెద్ద మంచి ముక్క దొరకడమే గగనం. రెండోది, అంకెలు. 60, 36 అని ఇప్పుడు మనం తేలిగ్గా రాసుకుంటున్నాం. అప్పుడు ఒక్కో పోతకు ఆ అంకెలు మారిపోయేవి, కచ్చితంగా కొలిచే దారి లేదు. కారణం చిన్నదే. వర్ణపటంలో ఎరుపు ఎక్కడ ఆగి నారింజ ఎక్కడ మొదలవుతుందో గీత గీసి చెప్పగలరా? ఒకరి ఎరుపు ఇంకొకరికి నారింజ. కొలవడానికి పట్టుకొమ్మ లేదు. అందుకే నిపుణులు ఒక లెన్సు అరగదీయడం, చూడడం, మళ్లీ అరగదీయడం, ఇలా ఊహ మీదే నడిపేవారు.

మఠంలో కొలిమి

1807లో సంస్థ లెన్సుల విభాగం మ్యూనిక్‌కు దక్షిణాన ఉన్న బెనెడిక్ట్‌బోయర్న్‌కు మారింది. అదొక పాత క్రైస్తవ మఠం. ప్రభుత్వం స్వాధీనం చేసుకున్నాక ఉట్‌జ్‌ష్నైడర్ కొన్నాడు. చుట్టూ అడవి, కొలిమికి కావలసినంత కట్టె. అక్కడ గాజు పోత చూసేది పియర్ లూయీ గినాన్. వడ్రంగం పనితో జీవితం మొదలుపెట్టి, ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసి గాజు పోత నేర్చుకున్న స్విట్జర్లాండ్ వ్యక్తి. కరిగిన గాజును కాల్చిన మట్టి కడ్డీతో ఆపకుండా కలియబెడితే చారలు తగ్గుతాయని కనిపెట్టింది అతనే.

రెండేళ్లు తిరిగేసరికి, 22 ఏళ్లకే, లెన్సుల విభాగం బాధ్యత ఫ్రాన్‌హోఫర్ చేతికొచ్చింది. గినాన్ దగ్గర గాజు పోత కూడా నేర్చుకోమని ఉట్‌జ్‌ష్నైడర్ పురమాయించాడు. తన రహస్యాన్ని కుర్రాడికి నేర్పించడం గినాన్‌కు నచ్చలేదు. పొసగలేదు. 1814లో అతను వెళ్లిపోయాడు. కొలిమి పూర్తిగా ఫ్రాన్‌హోఫర్‌దయింది.

ఇక్కడ అతను చేసింది చూడండి. గాజు పోసేవాడు వేరు, అరగదీసేవాడు వేరు, లెక్క వేసేవాడు వేరు అన్నది అప్పటి పద్ధతి. ఫ్రాన్‌హోఫర్ మూడూ నేర్చుకున్నాడు. పనివాడి చేతివాటాన్ని బట్టి లెన్సు ఆకారం మారిపోకుండా ఉండే పాలిషింగ్ యంత్రం తయారుచేశాడు. ఒక్కో పోతలోంచీ ముక్క తీసి పట్టకంగా కోసి, అది కాంతిని ఎంత వంచుతుందో చూసేవాడు. అలా చూసేటప్పుడే పైన చెప్పిన చిక్కు ఎదురైంది: వర్ణపటంలో ఎక్కడ పట్టుకుని కొలవాలి?

574 నల్ల గీతలు

మొదట దీపపు వెలుగుతో ప్రయత్నించాడు. ఆ వర్ణపటంలో నారింజ, పసుపు కలిసే చోట ఓ మెరిసే గీత కనిపించింది. దీపం మార్చినా గీత అక్కడే ఉంది. కొలతకు ఒక మేకు దొరికినట్టయింది. ఎండలోనూ ఆ గీత ఉంటుందేమో చూద్దామనుకున్నాడు. కిటికీ మూసి, సన్నని చీలిక గుండా ఎండను లోపలికి రానిచ్చాడు. దూరంగా పట్టకం పెట్టాడు. ఇంతవరకు ఎవరైనా చేసేదే. కానీ వర్ణపటాన్ని గోడ మీద పడేసి కంటితో చూడలేదు. పట్టకం ముందు థియోడలైట్ టెలిస్కోపు పెట్టాడు. రోజూ సంస్థలో తయారుచేసే, భూములు కొలిచే పరికరమే అది. కోణాల్ని అతి సూక్ష్మంగా కొలవగలదు.

మెరిసే గీత కోసం చూస్తే నల్ల గీతలు కనిపించాయి. ఒకటీ రెండూ కాదు, వందలు. 1802లో ఇంగ్లండ్‌లో వోలాస్టన్ కొన్నింటిని చూశాడు గానీ రంగుల మధ్య సరిహద్దులనుకుని వదిలేశాడు. ఫ్రాన్‌హోఫర్ వదల్లేదు. చీలిక మార్చి చూశాడు, పట్టకం మార్చి చూశాడు. గీతలు కదల్లేదు. అవి పరికరంలోని లోపం కాదు, ఎండలోనే ఉన్నాయి. 574 గీతల స్థానాలు నమోదు చేశాడు. ముఖ్యమైనవాటికి ఎ, బి, సి, డి అంటూ అక్షరాలు పెట్టాడు. దీపంలో మెరిసిన గీత ఉన్న చోటే ఎండలో డి అనే నల్ల గీత ఉంది.

చంద్రుడి కాంతిలో, శుక్రుడి కాంతిలో చూశాడు. ఎండలో ఉన్న గీతలే అక్కడా కనిపించాయి. సిరియస్ నక్షత్రం వైపు తిప్పాడు. గీతలు వేరుగా ఉన్నాయి. అంటే ఒక్కో నక్షత్రానిదీ ఒక్కో ముద్ర. అవి ఎందుకున్నాయో అతను తేల్చలేదు. అతనికి వాటితో కావలసిన పని వేరు. స్కేలు మీద గీతలు ఎలాగో, వర్ణపటం మీద ఇవి అలాగ. ఇక బి గీత దగ్గర ఈ గాజు ఇంత వంచుతుంది, ఎఫ్ గీత దగ్గర ఇంత అని చెప్పొచ్చు. అలాగే చెప్పాడు కూడా, దశాంశ బిందువు తర్వాత ఆరు అంకెల దాకా. 1817లో ఆ పరిశోధన అచ్చయింది. లెన్సు తయారీ ఊహల నుంచి లెక్కల్లోకి మారిన మలుపు అది.

కంపెనీ ఉత్పత్తి నాణ్యత పెంచడానికి మొదలుపెట్టిన పని ఇది. టార్గెట్ మంచి లెన్సు. దారిలో దొరికింది నక్షత్రాలు దేంతో తయారయ్యాయో చదివే లిపి. పని వదిలి పరిశోధన చేయలేదతను. పనినే ఆ లోతుకు తీసుకెళ్లాడు.

చదువు లేదన్నారు

1817లో బవేరియా సైన్స్ అకాడమీ అతన్ని తన వర్గంలో చేర్చుకుంది. ఆ తర్వాత హోదా పెంచాలన్న ప్రతిపాదన రాగానే పేచీ మొదలైంది. యూనివర్సిటీ చదువు లేని చేతిపనివాడిని పండితుల సరసన ఎలా కూర్చోబెడతామని కొందరు అభ్యంతరం చెప్పారు. ఇంకో ఇబ్బందీ ఉంది. గాజు పోత వివరాలు కంపెనీ రహస్యం. ఫ్రాన్‌హోఫర్ తన కొలతలు బయటపెట్టగలడు, గాజు ఎలా చేశాడో చెప్పలేడు. చెప్పనిది శాస్త్రమెలా అవుతుందన్నది ఎదుటివారి వాదన. చివరికి 1821లో మామూలు సభ్యత్వం కాకుండా, సమావేశాలకు హాజరయ్యే ప్రత్యేక సభ్యుడి హోదా ఇచ్చారు.

ఫ్రాన్‌హోఫర్ మాత్రం తన పనిలో ఉన్నాడు. సన్నని తీగల్ని దగ్గర దగ్గరగా సమాంతరంగా బిగించి, పట్టకం లేకుండానే కాంతిని రంగులుగా విడదీశాడు. అదే డిఫ్రాక్షన్ గ్రేటింగ్. తర్వాత గాజు మీద వజ్రపు మొనతో గీతలు గీసి ఇంకా సన్ననివి చేశాడు. వాటితో తన గీతల తరంగదైర్ఘ్యాల్ని కొలిచాడు. 1822లో ఎర్లాంగెన్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. 1824లో రాజు సర్ హోదాలాంటి బిరుదు ఇచ్చి గౌరవించాడు. పేరులో ఫాన్ చేరింది అప్పుడే.

కానీ ఒళ్లు సహకరించలేదు. చిన్నప్పటి నుంచీ బలహీనమైన శరీరం, పైన ఏళ్ల తరబడి కొలిమి వేడి, పొగ. క్షయ పట్టుకుంది. 1826 జూన్ 7న మ్యూనిక్‌లో కన్నుమూశాడు. నక్షత్రాల్ని దగ్గరికి తెచ్చినవాడని అతని సమాధి మీద లాటిన్‌లో చెక్కారు.

ఆ లెన్సులు ఏం చూశాయి?

అది ఉత్తి పొగడ్త కాదు. 1824లో ఫ్రాన్‌హోఫర్ తయారుచేసిన టెలిస్కోపు ఇప్పటి ఎస్టోనియాలోని టార్టుకు చేరింది. అప్పట్లో ఆ ఊరి పేరు డోర్పాట్. లెన్సు వ్యాసం 24 సెంటీమీటర్లు, గొట్టం పొడవు నాలుగు మీటర్ల పైమాట. లెన్సుతో పనిచేసే టెలిస్కోపుల్లో ఆ రోజుల్లో అంత పెద్దది లేదు. భూమి తిరుగుతుంటే నక్షత్రం చూపు దాటిపోకుండా, గడియారపు యంత్రం దాన్ని మెల్లగా తిప్పేది. దానితో విల్‌హెల్మ్ స్ట్రూవె 3,112 జంట నక్షత్రాల పట్టిక తయారుచేశాడు.

ఫ్రాన్‌హోఫర్ రూపొందించిన ఇంకో పరికరం అతను పోయాక పూర్తయి, క్యోనిగ్స్‌బెర్గ్‌కు వెళ్లింది. 1838లో బెసెల్ దానితోనే 61 సిగ్ని అనే నక్షత్రం ఎంత దూరంలో ఉందో కొలిచి ప్రకటించాడు. డోర్పాట్ టెలిస్కోపు తరహాలోనే చేసిన మరో టెలిస్కోపు బెర్లిన్‌కు వెళ్లింది. 1846 సెప్టెంబరు 23 రాత్రి గాలె నెప్ట్యూన్ గ్రహాన్ని చూసింది దాంట్లోంచే. ఆ టెలిస్కోపును ఇప్పుడు మ్యూనిక్ మ్యూజియంలో చూడొచ్చు.

నల్ల గీతల గుట్టు 1859లో వీడింది. కిర్కాఫ్, బున్సెన్ కలిసి తేల్చారు. డి గీత సోడియం వేలిముద్ర. సూర్యుడి పై పొరల్లోని సోడియం ఆ రంగును మింగేస్తోంది, అందుకే అక్కడ నలుపు. దీపంలోని సోడియం అదే రంగును వెదజల్లుతోంది, అందుకే అక్కడ మెరుపు.

గుంటూరు మీది గ్రహణం

ఇక్కడి నుంచి కథ మన నేల మీదికి వస్తుంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. దాని నీడ మన కోస్తా మీదుగా పోయింది. ఫ్రెంచి శాస్త్రవేత్త జూల్ జాన్సెన్ గుంటూరులో మకాం వేశాడు. మద్రాసు అబ్జర్వేటరీ అధిపతి నార్మన్ పాగ్సన్ మచిలీపట్నంలో పరికరాలు బిగించాడు. సూర్యుడి అంచున ఎగిసే ఎర్రటి జ్వాలల కాంతిని విడదీసి చూస్తే మెరిసే గీతలు కనిపించాయి. వాటిలో పసుపు గీత ఒకటి ఫ్రాన్‌హోఫర్ డి గీతకు దగ్గరగా ఉంది గానీ సరిగ్గా దాని మీద లేదు. గ్రహణం లేని రోజుల్లోనూ ఇంగ్లండ్‌లో లాకియర్ దాన్ని పరిశీలించాడు. అది సోడియం కాదు, భూమ్మీద అప్పటికి తెలియని మూలకం అని తేలింది. పేరు హీలియం. 1895లో గానీ రామ్సే దాన్ని భూమి మీద పట్టుకోలేకపోయాడు. డి గీత ఎక్కడుందో ముందే ఎవరో కచ్చితంగా కొలిచి పెట్టకపోతే, ఈ గీత వేరని గుర్తుపట్టేవాళ్లా?

ఇప్పుడు అసలు విశేషం. ఈ రోజు ఏ ఆప్టికల్ గాజు కంపెనీ కేటలాగ్ తీసినా వక్రీభవన గుణకం సాధారణంగా ఆ హీలియం పసుపు గీత దగ్గరే ఇస్తారు. రంగుల్ని ఎంత విడదీస్తుందో చెప్పే అంకెకు ఆధారం హైడ్రోజన్‌వి రెండు గీతలు. ఎరుపులో ఉన్నది సి, నీలంలో ఉన్నది ఎఫ్. ఆ అక్షరాలు ఫ్రాన్‌హోఫర్ పెట్టినవే. మనం పైన వాడిన 60, 36 అంకెలు ఆ లెక్కవే.

మీకు పనికొచ్చేది

జర్మనీలో 1949లో మొదలైన ఫ్రాన్‌హోఫర్ సంస్థ పరిశ్రమలకు పనికొచ్చే పరిశోధనలో పేరుమోసింది. అక్కడ పేరు అలా నిలిచింది. మరి మీకు దారులేవి?

లెన్సుతో పని అంటే కళ్లజోడు షాపు ఒక్కటే కాదు. సైన్స్ గ్రూపులతో ఇంటర్ చేసినవాళ్లకు ఆప్టోమెట్రీలో నాలుగేళ్ల డిగ్రీ ఉంది, చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. హైదరాబాద్‌లోని ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలోనూ ఈ చదువు చెబుతారు. ఫిజిక్స్, ఈసీఈ, మెకానికల్ వాళ్లకు ఆప్టిక్స్, ఫోటోనిక్స్‌లలో పీజీ మార్గం ఉంది. డెహ్రాడూన్‌లోని డీఆర్‌డీవో ప్రయోగశాల ఐఆర్‌డీఈ రక్షణ రంగానికి ఆప్టికల్ పరికరాలు రూపొందిస్తుంది. బెంగళూరులో ఇస్రో విభాగం లియోస్ ఉపగ్రహాలకు సెన్సర్లు, ఆప్టిక్స్ చేస్తుంది. మచిలీపట్నంలోనే చూడండి. 1926లో మొదలైన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీని 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ తీసుకుంది. రాత్రిపూట చూసే పరికరాలు అక్కడ తయారవుతాయి. పాగ్సన్ గ్రహణం చూసిన ఊరే అది. ఐటీఐ, డిప్లొమా వాళ్లు కూడా ఇలాంటి సంస్థల నోటిఫికేషన్లు గమనిస్తుండాలి. చివరికి లెన్సును అరగదీసి, బిగించి, పరీక్షించేది చేతులే.

ఫ్రాన్‌హోఫర్ జీవితం నుంచి అదృష్టాన్ని అరువు తెచ్చుకోలేం. ఇల్లు కూలితే రాజు రావడం అందరికీ జరగదు. అరువు తెచ్చుకోదగ్గది ఒకటుంది. తన ముందున్న పనిలో అందరూ సుమారుగా అని వదిలేసిన చోట, అతను ఎంత అని అడిగాడు. కొలవడానికి గుర్తులు లేవంటే గుర్తులే వెతికాడు. మీరు ఏ రంగంలోకి వెళ్లినా ఇలా సుమారుగా నడిచిపోయే చోటు ఒకటి ఉంటుంది. నెట్‌వర్క్ ఎందుకు నెమ్మదిస్తోంది, బ్యాచ్‌లో ఎన్ని ముక్కలు పాడవుతున్నాయి, కస్టమర్ ఎక్కడ ఆగిపోతున్నాడు. దాన్ని కొలిచి, ఆ అంకె పట్టుకుని ఇంటర్వ్యూకు వెళ్లండి. కష్టపడి పనిచేస్తానని చెప్పే వంద మందిలో, ఇంత ఉన్నదాన్ని ఇంతకు తెచ్చానని చెప్పేవాళ్లు ఒకరో ఇద్దరో ఉంటారు. బోర్డు అవతల కూర్చున్నవాళ్లు పెన్ను తీసి రాసుకునేది ఆ అంకెనే.